ఇరవై ఏడో నిమిషం

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో రెండేసి మెట్లు ఎక్కి వస్తున్నారు.

"భయపడ్డ మనిషి," అన్నాడు పరిశోధకుడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఎదురు బల్ల దగ్గర పెన్సిలు చెక్కుతున్న బావమరిది తలెత్తాడు. "ఇంకా మొహమైనా చూడలేదు కదా బావగారూ?"

"మన మెట్లు నిటారు. భయం లేనివాళ్ళు సగంలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటారు."

బావమరిది ఆ మాట వెంటనే నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అతను ఒకప్పుడు టైపు నేర్పేవాడు. నేర్చుకునేవాళ్ళు లేక బడి మూసేసి, అక్క మొగుడి దగ్గర చేరాడు. పరిశోధకుడు ముప్పై ఏళ్ళు రైల్వే స్టేషన్‌లో పోయిన సామాన్ల గదికి గుమస్తా. గొడుగు పిడి చూసి మనిషి ఎత్తు చెప్పేవాడు. ఒకసారి కట్టుడు పళ్ళు చూసి వాటి సొంతదారు పేరడగకుండానే అప్పజెప్పాడు. ఈ సంగతి బావమరిది ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు.

తలుపు తోసుకుని ఒక ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. మెడలో హెడ్‌ఫోను వేలాడుతోంది. తీసిపెట్టడం మరిచిపోయినట్టుంది.

"నా టేపు పోయిందండీ," అంది, కూర్చోకుండానే. "రేపటిలోగా దొరక్కపోతే ఆ పెద్దాయనకి నేను మొహం చూపించలేను."

"కూర్చోండమ్మా. నీళ్ళు తాగండి. మొదటి నుంచీ చెప్పండి."

ఆవిడ వీడియో ఎడిటర్. రెండు గదుల స్టూడియో ఆమెది. ఊరి చివర ఒక పోతశాల ఉంది. అక్కడి పెద్దాయన అరవై ఏళ్ళుగా గంటలు పోతపోస్తున్నాడు. నెల కిందట తన చివరి గంట పోశాడు. మనిషంత ఎత్తు గంట. అది ఓడెక్కి సముద్రం దాటిపోయింది. ఆ పని మొదలు నుంచి చివరిదాకా ఆమె ఫిల్ము తీయించింది. రెండు టేపులయ్యాయి. మొదటి టేపులో అచ్చు, పోత. రెండో టేపులో గంటను మొట్టమొదటిసారి కొట్టడం.

"పెద్దాయనకి చెవులు పోతున్నాయండీ. వచ్చే చలికాలానికి ఇక ఏమీ వినపడదని డాక్టరు చెప్పాడు. ఆ మొదటి దెబ్బ ఇంకొక్కసారి వింటే చాలమ్మా అన్నాడు నాతో. రేపు పదకొండింటికి వాళ్ళింట్లోనే వినిపిస్తానని మాటిచ్చాను. నిన్న మధ్యాహ్నం ఆ రెండో టేపు మాయమైంది."

"గంట దగ్గరికి వెళ్ళి ఇంకోసారి కొట్టించలేమా?" అన్నాడు బావమరిది.

"మూడు వారాల ఓడ ప్రయాణం బాబూ. ఆయన వయసు ఎనభై రెండు."

పరిశోధకుడు లేచి గొడుగు అందుకున్నాడు. "పదండి. ముందు టేపు ఉండాల్సిన చోటు చూద్దాం."

స్టూడియో ఒక మందుల షాపు పైన ఉంది. లోపలి గది కిటికీలకు నల్ల తెరలు. తిరిగేటప్పుడు కిర్రుమనే ఫ్యాను. రెండు తెరలు, ఒక పక్క మూత తీసేసిన కంప్యూటరు. దాని పొట్టలో ఒక పచ్చటి పలక నిలబడి ఉంది. పలక నుంచి ఒక తీగె బయటికొచ్చి బల్ల మీది కెమెరాకు తగిలించి ఉంది.

"ఇదేమిటమ్మా?"

"క్యాప్చర్ కార్డండీ. కెమెరాలో టేపు పెట్టి ఆడిస్తే బొమ్మ ఈ తీగెలోంచి వచ్చి కార్డులో పడుతుంది. కార్డు దాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేట్టు మార్చి డిస్కు మీద రాస్తుంది. అలా ఎక్కించాకే కోతలూ అతుకులూ."

"గంటసేపటి టేపు ఎక్కడానికి ఎంతసేపు?"

"గంటే. టేపు నడిచినంతసేపూ నడవాలి. తొందరపెడితే కుదరదు."

"ఆ గంటసేపూ మీరు ఇక్కడే ఉంటారా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఉండనండీ. ఇది హై డెఫినిషన్ బొమ్మ. చాలా బరువు. అది ఎక్కుతున్నప్పుడు కంప్యూటర్ మీద చెయ్యి వేస్తే మధ్యలో బొమ్మలు రాలిపోతాయి. గదిలో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. అందుకని మీట నొక్కి బయటికి పోతాను."

"పొయ్యి మీద పాలు పెట్టి పొరుగింటికి పోయినట్టు," అన్నాడు బావమరిది.

పరిశోధకుడు అతని వైపు చూశాడు. బావమరిది పెన్సిలు వైపు చూసుకున్నాడు.

నిన్న సరిగ్గా రెండింటికి ఆమె మొదటి టేపు పెట్టి మీట నొక్కింది. నాలుగైదు నిమిషాలు చూసి, కిందికి దిగి, పక్క వీధిలో అట్టపెట్టెల మీద అంటించే కాగితాలు అచ్చు వేయించుకుంది. మూడింటికి అయిదు నిమిషాలు తక్కువకి తిరిగొచ్చింది. తలుపుకి తాళం వేయలేదు. మూడింటికి మొదటి టేపు అయిపోయింది. రెండోది పెడదామని అలమరలోని బిస్కెట్ల డబ్బా మూత తీసింది. డబ్బాలో పాత టేపులు పదో పదిహేనో ఉన్నాయి. ‘మొదటి దెబ్బ’ అని చీటీ అంటించిన టేపు ఒక్కటే లేదు.

"అది తెలిసిన వాళ్ళే తీశారు," అన్నాడు పరిశోధకుడు. "నిన్న ఎవరెవరు వచ్చారు?"

"నేను చూడలేదు కానీ ఇద్దరు వచ్చినట్టు తెలుసు. కెమెరా పొడుగాయన లైటు స్టాండు తెచ్చి గుమ్మం లోపల పెట్టిపోయాడు. పెద్దాయన కొడుకు పాత ఫోటోల కవరు నా బల్ల మీద పెట్టిపోయాడు. ఇద్దరినీ ఫోన్లో అడిగాను. ఎవరూ లేరు, పెట్టి వచ్చేశాం అన్నారు."

"అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం," అన్నాడు బావమరిది.

"నా ఖర్మ ఇంకోటి కూడా ఉందండీ. ఆ ఎక్కించిన మొదటి టేపు కూడా చెడింది. బొమ్మ బాగానే ఉంది. సౌండే లేదు. మొన్న ఈ మైకులో నా మాటలు రికార్డు చేసుకున్నాను. మైకు పెట్టినప్పుడు స్పీకర్లు ఆపుకోవాలి, లేకపోతే కీచుమంటాయి. నిన్న మళ్ళీ తీగె వైపు మార్చడం మరిచిపోయాను. బొమ్మ తీగెలోంచి వచ్చింది, సౌండు మైకులోంచి వచ్చింది. గంటసేపు ఈ ఫ్యాను గోల! దాన్ని చెరిపేసి మళ్ళీ ఎక్కించాలి."

పరిశోధకుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెరపకండి. వినిపించండి."

"ఫ్యాను గోలా?"

"ముప్పై ఏళ్ళు రైళ్ళ గోల విన్నానమ్మా. ఫ్యాను నన్నేం చేస్తుంది?"

ఆవిడ స్పీకర్లు పెట్టింది. తెర మీద పోతశాల కనబడింది. మట్టిలోని గులకరాళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది బొమ్మ. కింద నిమిషాల అంకెలు నడుస్తున్నాయి. ఫ్యాను కిర్రుమంటోంది. అయిదో నిమిషంలో కుర్చీ జరిగింది, మెట్లు దిగిన చప్పుడైంది. పన్నెండో నిమిషంలో, తెర మీద పెద్దాయన కొడుకు సమ్మెట ఎత్తి పాత కంచు ముక్కలు పగలగొడుతున్నాడు. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు. సమ్మెట పడిన చోట కంచు తునకలు ఎగిరాయి. స్పీకర్లలో మాత్రం ఫ్యాను కిర్రుమంది, అంతే.

పద్నాలుగో నిమిషంలో ఇనుము నేలకు ఆనిన చప్పుడు, ఒక దగ్గు, దిగిపోతున్న అడుగులు.

"పొడుగాయన," అంది ఎడిటరమ్మ. "ఆ దగ్గు వెయ్యి దగ్గుల్లో గుర్తుపడతాను."

తెర మీద కంచు కరిగింది. మూస వంచారు. ఎర్రటి కంచు మట్టి అచ్చులోకి దిగుతోంది. అంకెలు ఇరవై ఏడు దగ్గర ఉన్నాయి. అప్పుడు స్పీకర్లలో సన్నగా వినిపించింది.

టింగ్. టింగ్.

ఒక క్షణం ఆగి, ఏదో గీరుకున్న చప్పుడు. తరవాత అడుగులు, నెమ్మదిగా.

"ఇదిగో, ఇక్కడొక్కచోట టేపు సౌండు కొంచెం లోపలికి పడినట్టుందండీ," అంది ఆవిడ. "పోతశాలలో ఎప్పుడూ ఏదో ఒకటి టింగుమంటూనే ఉంటుంది."

"ఊఁ," అన్నాడు పరిశోధకుడు.

ముప్పై మూడో నిమిషంలో బరువైన అడుగులు వచ్చాయి. "ఎవరైనా ఉన్నారా?" అని మగ గొంతు. బల్ల మీద కాగితం కవరు పడింది. అడుగులు వెళ్ళిపోయాయి. ఆ తరవాత ఎడిటరమ్మ తిరిగొచ్చేదాకా ఫ్యానే.

అంతా అయ్యాక పరిశోధకుడు అలమర దగ్గరికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. మూత గీరుకుంటూ వచ్చింది. మళ్ళీ పెట్టాడు.

"అర్థమైందా?" అన్నాడు బావమరిదితో.

"పూర్తిగా బావగారూ," అన్నాడు బావమరిది. ఏమీ అర్థం కాలేదు.

పొడుగాయన కబురందుకుని వచ్చాడు. గుమ్మంలో తల వంచి లోపలికొచ్చే మనిషి.

"స్టాండు పెట్టి వెళ్ళిపోయాను. అంతే సార్. టేపు నేనెందుకు తీస్తాను?"

"ఎందుకు తీస్తావో నువ్వే చెప్పు. రెండో టేపు మాట ఎత్తగానే చెవులు ఎర్రబడ్డాయి."

పొడుగాయన కాసేపు నసిగాడు. "అమ్మగారి ముందు చెప్పకూడదనుకున్నాను. గంట కొట్టారు. చప్పట్లు కొట్టాం. అందరం భోజనాలకి లేచాం. కెమెరా ఆపడం మరిచిపోయాను. వచ్చి చూస్తే టేపు చివరిదాకా నడిచిపోయి ఉంది."

"ఓరి నీ పొడుగు తగలెయ్య!" అంది ఎడిటరమ్మ. "పదిహేనేళ్ళ అనుభవం అని ఊరంతా చెప్పుకుంటావే!"

"అందుకే కదమ్మా చెప్పలేదు."

"అప్పుడు పోతశాల ఖాళీగా ఉందా?" అని అడిగాడు పరిశోధకుడు.

"మేమందరం వెళ్ళేసరికి పెద్దాయనా, ఆయన భార్యా ఇంకా గంట దగ్గరే ఉన్నారండీ."

మధ్యాహ్నం బావా బావమరుదులు ఎడిటరమ్మతో కలిసి పోతశాలకు వెళ్ళారు. ముందు పోతపోసే కొట్టం, వెనక ఇల్లు. నేలంతా నల్ల ఇసుక. గోడ పొడవునా చిన్న గంటలు వరసగా వేలాడుతున్నాయి.

గంటల పెద్దాయన ఎదురొచ్చాడు. మనిషి ఎండిన కర్రలా ఉన్నా నడక గట్టిగానే ఉంది. పరిశోధకుడి చేతిలోని గొడుగు మొన ఇనుముదని చూసి, వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"లోపల బీట ఉంది," అన్నాడు.

"పోయినేడు కింద పడిందండీ," అన్నాడు పరిశోధకుడు.

"కొట్టి చూడందే దేన్నీ నమ్మకూడదు నాయనా. మా పనివాళ్ళకి అదొక జబ్బు. గిన్నె గానీ డబ్బా గానీ, నిండో ఖాళీయో, మంచిదో బీటదో, ముందు కొడతాం. తరవాతే ముట్టుకుంటాం." గొంతు తగ్గించాడు. "నా టేపు దొరికిందా?"

"రేపు పదకొండింటికి వింటారు."

ఎడిటరమ్మ చప్పున పరిశోధకుడి వైపు తిరిగింది. బావమరిది మాత్రం ఛాతీ పొంగించాడు. బావగారు మాటిచ్చారంటే రాతి మీద గీతే.

పెద్దాయన చెవి తడుముకున్నాడు. "తొందరగా వినాలి. నిన్న పొద్దుటిదాకా బాగానే ఉన్నాను. నిన్న రాత్రి భోజనం వేళకి, వంటింటి గుమ్మం దగ్గర మా భోజనాల గంట ఉంది చూడు, దాన్ని కొట్టాను. మూగగా వినపడింది. ఇవాళ పొద్దున కూడా అంతే. మిగతావి వినపడుతున్నాయి, ఆ స్వరం ఒక్కటే పోయింది. ఇలాగే ఒక్కొక్క స్వరమే పోతుందేమో." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "ఇంట్లో చెప్పలేదు. ఆవిడ బెంగపెట్టుకుంటుంది."

కొడుకు కొలిమి దగ్గర ఉన్నాడు. అతని వెనక ఇత్తడి బిందె, పక్కన ఇనుప తొట్టి. తొట్టి మూత నేరుగా తీసి చెయ్యి పెట్టి బొగ్గులు తీశాడు.

"మీకు ఈ ఫిల్ము ఇష్టం లేదటగా?" అన్నాడు పరిశోధకుడు.

"ఎవరు చెప్పారో గానీ నిజమే. మూడు రోజులు కెమెరా ముందు నాన్న మాట్లాడాడు. వాళ్ళ నాన్న గురించి చెప్పాడు, తాత గురించి చెప్పాడు. పాతికేళ్ళు పక్కనే ఉన్న నా గురించి ఒక్క మాట లేదు." చేతులు తుడుచుకున్నాడు. "అయినా ఆయన చెవి పోకముందు ఆ దెబ్బ వినాలి సార్. దొంగని తరవాత పట్టుకోండి, టేపు ముందు పట్టుకోండి."

మంచినీళ్ళు ఇవ్వడానికి వంటింట్లోంచి పెద్దావిడ గ్లాసులతో వచ్చింది. నీళ్ళు ముంచేముందు ఆమె బిందె దగ్గర ఆగడం అందరికీ కనబడింది. వేలి ఉంగరంతో బిందెను తట్టింది. టింగ్, టింగ్. నీళ్ళున్నాయని తేలాక మూత తీసి ముంచింది.

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు అక్కగారూ?" అన్నాడు పరిశోధకుడు, గ్లాసు అందుకుంటూ.

"కూరగాయలకి వెళ్ళాను తమ్ముడూ." ఆమె ఎడిటరమ్మ వైపు తిరిగింది. "ఆ పోయిన టేపు... అది ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కలేదు కదమ్మా?"

"లేదండీ. అదే కదా నా బాధ."

"ఎక్కలేదు," అంది పెద్దావిడ. ఊపిరి వదిలి లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వెళ్ళేటప్పుడు పరిశోధకుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. కొబ్బరికాయంత గంట అక్కడ వేలాడుతోంది. దాన్ని వేలితో తట్టి చూసి, ఏమీ అనకుండా గొడుగు తీసుకున్నాడు. గుమ్మం దాటుతూ గట్టిగా అన్నాడు:

"ఎడిటరమ్మా, రేపు పదింటికి మీ కంప్యూటరు, కార్డు, కెమెరా అన్నీ ఇక్కడికే తీసుకురండి. టేపు తీసినవాళ్ళకి పొద్దుటిదాకా సమయం ఉంది. తెచ్చి ఇక్కడ పెట్టేస్తే నేను ఒక్క ప్రశ్న అడగను."

దారిలో బావమరిది ఉండబట్టలేకపోయాడు. "బావగారూ, మీ చెవులు బాగానే ఉన్నాయి కదా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మరి ఆ గంట నాకు కూడా మూగగానే వినపడిందే!"

పరిశోధకుడు ఆగి అతని భుజం తట్టాడు. "నువ్వు ఎదుగుతున్నావోయ్. అక్కడిదాకా వచ్చావు కాబట్టి ఇంటికెళ్ళేలోగా మిగతాది కూడా ఆలోచించు."

బావమరిది ఆ రాత్రంతా ఆలోచించాడు. పొద్దున లేచి, "పొడుగాయనే," అన్నాడు.

శనివారం పదకొండింటికి ఇంటి ముందు గదిలో అందరూ కూర్చున్నారు. పెద్దాయన ముందు వరసలో, పక్కన ఆయన భార్య. వెనక కొడుకు గోడకానుకుని నిలబడ్డాడు. పొడుగాయన తెర పక్కన ఒదిగి ఉన్నాడు. ఎడిటరమ్మ తీగెలన్నీ కలిపింది. కెమెరా నోరు తెరుచుకుని టేపు కోసం ఎదురుచూస్తోంది.

పరిశోధకుడు లేచాడు.

"టేపు ఎవరూ తెచ్చి పెట్టలేదు. కాబట్టి చెప్పక తప్పదు. గురువారం రెండింటికి ఈ అమ్మ మొదటి టేపు ఎక్కించింది. ఆవిడ మరుపు వల్ల బొమ్మ టేపుదీ, సౌండు గదిదీ అయింది. చెరిపేద్దామనుకుంది. నా దృష్టిలో ఆ రోజు ఆమె చేసిన పనుల్లో ఆ మరుపే మంచిపని."

"వేళాకోళం వద్దండీ," అంది ఎడిటరమ్మ.

"నిజమే చెబుతున్నాను. టేపు గంటసేపు నడిస్తే కార్డు కూడా గంటసేపే నడుస్తుంది. అంటే తెర మీద పద్నాలుగో నిమిషం అంటే గడియారంలో రెండూ పద్నాలుగు. ఎవరు ఎప్పుడొచ్చారో రాసిపెట్టినట్టే. పద్నాలుగో నిమిషంలో పొడుగాయన వచ్చాడు, దగ్గాడు, పోయాడు. డబ్బా మూత తీస్తే గీరుకుంటుంది. అప్పుడు ఆ చప్పుడు లేదు. ముప్పై మూడో నిమిషంలో ఈ అబ్బాయి వచ్చాడు, పిలిచాడు, పోయాడు. అప్పుడూ లేదు. మూత చప్పుడు వినపడింది ఒక్కసారే, ఇరవై ఏడో నిమిషంలో. దానికి ముందు రెండుసార్లు టింగుమంది."

"అది టేపులో సౌండు కదా?" అంది ఎడిటరమ్మ.

"అలాగే అనుకున్నారు మీరు. కానీ పన్నెండో నిమిషంలో ఈ అబ్బాయి సమ్మెటతో కంచు పగలగొడితే తునకలు ఎగిరాయి, చప్పుడు మాత్రం లేదు. సమ్మెట దెబ్బే పడని చోట ఆ చిన్న టింగు ఎలా పడుతుంది? ఆ టింగు టేపుది కాదు, మీ గదిది. ఎవరో మీ బిస్కెట్ల డబ్బాని తట్టి, నిండుగా ఉందో లేదో చూసి, అప్పుడు మూత తీశారు."

పెద్దాయన మెల్లగా తల తిప్పాడు. డబ్బా తట్టి చూసే జబ్బు ఎవరిదో ఆయనకి చెప్పనక్కర్లేదు.

"పొడుగాయన ఏదీ తట్టడు. అబ్బాయి బొగ్గుల తొట్టి కూడా తట్టకుండా మూత తీశాడు, నా కళ్ళతో చూశాను. పెద్దాయన వేలి కణుపుతో కొడతారు, ఆ చప్పుడు మెత్తగా ఉంటుంది. లోహంతో లోహాన్ని రెండుసార్లు తట్టే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే. నిన్న మాకు నీళ్ళు ఇచ్చిన మనిషి. టేపు దొరుకుతుందా అని అందరూ అడిగారు. అది కంప్యూటర్‌లోకి ఎక్కిందా అని ఆవిడ అడిగింది."

పెద్దావిడ ఉంగరం వేలి చుట్టూ తిప్పుకుంటోంది.

"ఏమే?" అన్నాడు పెద్దాయన. "నా దెబ్బ నువ్వు దాచావా?"

"దాచాను," అంది ఆమె. "అమ్మాయిని అడుగుదామనే వెళ్ళాను. ఎవరూ లేరు. అమ్మాయి టేపులు దాచుకునే డబ్బా అలమరలో ఎదురుగానే ఉంది." కొడుకు వైపు చూడలేక నేల చూసింది. "గంట కొట్టిన రోజు అందరూ భోజనాలకి లేచాక మీరేమన్నారో మీకు గుర్తులేదు. నాకుంది. అప్పుడే కెమెరా మీద ఎర్ర దీపం చూశాను. అది ఇందరి ముందు వాడు వినాలా? పెట్టెలోకి ఎక్కిందంటే ఇక నూరేళ్ళు ఉంటుందట. మీ చెవికీ వాడి మనసుకీ మధ్య నేనేం చెయ్యను చెప్పండి? పారేద్దామంటే అందులో మీ దెబ్బ ఉంది. చెయ్యి రాలేదు."

"అందుకే పారెయ్యలేదు," అన్నాడు పరిశోధకుడు. "ఎవరూ చెయ్యి పెట్టని చోట దాచారు. కానీ అక్కగారూ, మీకు తెలియనిది ఒకటుంది. గురువారం రాత్రి నుంచీ ఈయన తన చెవిలో ఒక స్వరం చచ్చిపోయిందనుకుంటున్నారు."

ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి నడిచి, భోజనాల గంట లోపలికి చెయ్యి పెట్టాడు. పాత తువ్వాలు మడత బయటికొచ్చింది. మడతలో టేపు ఉంది. తరవాత వేలితో గంటను తట్టాడు.

గంట ఖంగుమంది.

పెద్దాయన కూర్చున్నచోటి నుంచి లేచిపోయాడు. "వినపడింది!" అన్నాడు. "ఉంది! నా చెవి ఉంది!"

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నాకు చెప్పలేదేమండీ?"

"నువ్వు బెంగపెట్టుకుంటావని."

"బాగుంది సంబడం," అన్నాడు పొడుగాయన.

ఎడిటరమ్మ టేపు చేతికి తీసుకుంది కానీ కెమెరాలో పెట్టలేదు. "ఆ మాట దగ్గర ఆపేయమంటారా?" అంది మెల్లగా.

గోడ దగ్గర నుంచి కొడుకు మాట్లాడాడు. "ఆపక్కర్లేదు. అమ్మా, ఆ రోజు నేను గోడవతలే చేతులు కడుక్కుంటున్నాను. అప్పుడే విన్నాను. వినేసి భోజనానికి వచ్చాను. నాకిష్టమని నువ్వు ఇంకొంచెం కూర వడ్డించావు కూడా. వెయ్యండమ్మా టేపు."

ఎడిటరమ్మ ఈసారి సౌండు తీగె వైపు ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. మీట నొక్కింది. ఇక ఎవరూ కంప్యూటర్ మీద చెయ్యి వేయలేదు.

తెర మీద కొత్త గంట, దాని మీద ఇంకా ఆరని మెరుగు. కొడుకు గంటను కొట్టే దూలం వెనక్కి లాగి వదిలాడు. దెబ్బ పడింది. ఆ మోత గదిలో గోడలకు తగిలి, నేలలోకి దిగి, కాళ్ళలోంచి పైకి లేచింది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మోత సన్నబడి సన్నబడి పోయేదాకా తెరవలేదు.

చప్పట్లు. అడుగులు. తరవాత తెర మీది పెద్దాయన తెర మీది పెద్దావిడతో అన్నాడు: "వీడికి చెవి లేదే. ఒక్కనాడైనా ఒక్కదాన్ని తట్టి చూడడు. నాతోనే ఈ కొలిమి చల్లారుతుంది." పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని బొమ్మలోంచి వెళ్ళిపోయింది.

పెద్దావిడ, "ఇక చాలు," అంది.

"ఉండండి," అన్నాడు పరిశోధకుడు. "మీరు వెళ్ళిపోయారు. కెమెరా వెళ్ళలేదు."

తెర మీద చాలాసేపు ఏమీ జరగలేదు. పెద్దాయన గంట చుట్టూ ఒకసారి తిరిగాడు. కణుపుతో తట్టి చెవి ఆనించాడు. తరవాత గంటతోనే చెప్పాడు:

"అంచు గోరంత పలచన చేశాడు. వద్దన్నాను. వినలేదు. నా అరవై ఏళ్ళలో ఇలాంటి గొంతు నా చేత రాలేదు. ఇది నా గంట కాదు, వాడిది." అంచు నిమిరాడు. "చెప్తే నెత్తికెక్కుతుంది. చెప్పను."

టేపు అయిపోయింది. తెర నీలంగా మారింది.

పెద్దాయన గట్టిగా దగ్గాడు. "ఆ కార్డు ఏదేదో కల్పిస్తోంది," అన్నాడు.

"కార్డుకి కల్పించడం రాదండీ," అంది ఎడిటరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చింది వచ్చినట్టు రాస్తుంది. ఇప్పుడు చెప్పండి. ఫిల్ములో ఏది ఉంచను, ఏది కోయను?"

అందరూ కొడుకు వైపు చూశారు.

"రెండూ ఉంచండి," అన్నాడు అతను. "మా నాన్న అంటే ఆ రెండూ కలిపే."

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. వంటింటి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "ఒరేయ్. దాన్ని తట్టి చూడు."

కొడుకు వెళ్ళి భోజనాల గంటను వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. తల వంచి విన్నాడు.

"ఎలా ఉంది?"

"అర స్వరం తక్కువ. నా చిన్నప్పటి నుంచీ అంతే."

"మా నాన్న తప్పుగా పోసిన గంట అది," అన్నాడు పెద్దాయన. "డెబ్భై ఏళ్ళుగా నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదుగా నాన్నా. తట్టకుండానే వినపడేదాన్ని మళ్ళీ తట్టడమెందుకని ఊరుకున్నాను."

పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వగా ఈ ఇంట్లో చాలా ఏళ్ళయినట్టుంది. గోడల మీది చిన్న గంటలు కూడా సన్నగా పలికాయి.

బావమరిది ముక్కు చీది, నోటు పుస్తకం తెరిచాడు. "బావగారూ, దొంగ పేరు దగ్గర ఏమని రాయను?"

పెద్దావిడ అప్పటికే లేచింది. భోజనాల గంట తాడు పట్టుకుని గట్టిగా రెండుసార్లు లాగింది.

"అన్నం వడ్డించిన ఆవిడ అని రాయి," అన్నాడు పరిశోధకుడు. "పద, చేతులు కడుక్కుందాం."